యూనివర్సిటీ మెయిలింగ్ లిస్టును పద్ధతిగా వాడటం ఎలా? నెల్లూరు, ఒంగోలు విద్యార్థులకూ అధ్యాపకులకూ సమగ్ర మార్గదర్శి

మెయిలింగ్ లిస్టు అంటే ఒక్క అడ్రస్‌కు రాస్తే సభ్యులందరికీ మెయిల్ చేరే ఏర్పాటు. పరీక్ష ఫీజు గడువు పెంచారన్న మెయిల్ అందులో అందరికీ వెళ్తుంది, కానీ కొందరు చూడరు. ఇందులో సర్వర్ తప్పూ లేదు, ఫోన్ తప్పూ లేదు. ఆ రోజే లిస్టులో వరసగా పడిన 'థాంక్యూ సర్', 'నోటెడ్ సర్'ల కింద అది కూరుకుపోయి ఉంటుంది. ఫైన్ కట్టాల్సి వచ్చినప్పుడు గానీ సంగతి బయటపడదు. మెయిలింగ్ లిస్టులో మర్యాద అంటే పెద్దల దగ్గర వినయంగా ఉండటమని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు, అవసరమైన కబురు అవసరమైనవారికి కనబడేలా చూడటమే అసలు మర్యాద. వినయం ఆ తర్వాతి మాట.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. నెల్లూరు పక్కన కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం 2022లో ఏర్పడింది. రెండూ వయసులో చిన్నవే, వాటి కింద ఉన్న కాలేజీలు మాత్రం చాలా ఊళ్లలో ఉన్నాయి. లిస్టులో ఉన్న విద్యార్థుల్లో ఒకరు క్యాంపస్ హాస్టల్లో ఉంటారు, ఒకరు గూడూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతారు, ఇంకొకరు ఉద్యోగం చేసుకుంటూ గైడ్‌ని కలవడానికి మాత్రమే వచ్చే రీసెర్చ్ స్కాలర్. నోటీసు బోర్డు దగ్గర నిలబడి పక్కవారిని అడిగే వీలు వీళ్లందరికీ లేదు. మెయిల్‌లో ఏముంటే అదే వాళ్లకు తెలిసేది. కింద చెప్పే పద్ధతులు ఏ ఒక్క యూనివర్సిటీ లిస్టు గురించో కాదు, లిస్టు గూగుల్ గ్రూప్స్ మీద నడిచినా, మెయిల్‌మాన్ లాంటి వేరే లిస్టు సాఫ్ట్‌వేర్ మీద నడిచినా ఇవే వర్తిస్తాయి.

వాట్సాప్ గ్రూపు ఉండగా మెయిల్ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. వాట్సాప్‌లో మామూలు గ్రూపులో చేరితే మీ ఫోన్ నంబర్ అందరికీ కనిపిస్తుంది. తమ నంబర్ రెండు వందల మంది చేతిలో పడటం ఆడపిల్లలు ఇష్టపడరు, అది న్యాయమైన అభ్యంతరం. పైగా ఈ ఏడాది చేరినవారికి పోయిన ఏడాది జరిగిన చర్చ ఆ గ్రూపులో కనబడదు. లిస్టుకు భండారం (ఆర్కైవ్) ఉంటే పాత మెయిళ్లన్నీ అందులో తేదీతో సహా దొరుకుతాయి. 1986లో మెయిలింగ్ లిస్టులు నడిపే లిస్ట్‌సర్వ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పటి నుంచి విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతిని వదలకపోవడానికి ఇదో కారణం.

1. ముందు మెయిల్ ఐడీ మీ చేతిలోకి తెచ్చుకోండి

ఈ మెట్టును ఎవరూ చెప్పరు, కానీ మన విద్యార్థుల్లో చాలామంది ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. ఈఏపీసెట్‌కో డిగ్రీ అడ్మిషన్‌కో దరఖాస్తు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అతను అప్పటికప్పుడు ఒక మెయిల్ ఐడీ తయారుచేసి ఇస్తాడు. పాస్‌వర్డ్ అతని నోటుబుక్కులో ఉంటుంది. రికవరీ నంబర్ కూడా ఒక్కోసారి అతనిదే ఉంటుంది. మూడేళ్లు పోయాక కూడా విద్యార్థి అదే ఐడీ వాడుతుంటారు.

లిస్టులో చేరేముందు మీ గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీ తెరవండి. పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ ఫోన్ మీదో ఇంట్లోవాళ్లదో పెట్టండి. ఏయే పరికరాల్లో మీ అకౌంట్ తెరిచి ఉందో అక్కడే కనబడుతుంది, మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ ఇప్పటికే గుర్తులేదు, రికవరీ నంబర్ మీది కాదు అంటే కొత్త ఐడీ చేసుకోవడమే మేలు.

తర్వాత పేరు. అభిమాన హీరో పేరుతోనో ముద్దుపేరుతోనో ఉన్న ఐడీ నుంచి మెయిల్ వస్తే అవతలి అధ్యాపకులకు ఎవరు రాశారో తెలియదు. ఐడీ మార్చలేకపోయినా, పంపేవారి పేరుగా కనబడేది సెట్టింగ్స్‌లో మార్చవచ్చు. హాల్‌టికెట్‌లో ఉన్న పేరే అక్కడ ఉండాలి.

యూనివర్సిటీ మీకు ఏసీ డాట్ ఇన్‌తో ముగిసే ఐడీ ఇస్తే దానితోనే చేరండి. ఆ డొమైన్ విద్యాసంస్థలకు మాత్రమే ఇస్తారు కాబట్టి ఆ ఐడీకి విలువ ఎక్కువ. కోర్సు అయ్యాక దాన్ని మూసేసే అవకాశం ఉందని మాత్రం మరిచిపోవద్దు. మెమోలు, గైడ్ ఇచ్చిన వ్యాఖ్యలు, పేపర్ ప్రచురణకు సంబంధించిన ఉత్తరాలు మీ సొంత ఐడీకి కూడా పంపి పెట్టుకోండి.

2. ఇది ఏ రకం లిస్టో తెలుసుకోండి

ప్రకటనల లిస్టులో ఆఫీసు మాత్రమే రాస్తుంది, మిగతావాళ్లు చదువుతారు. చర్చల లిస్టులో సభ్యులందరూ రాయవచ్చు. రెండోదానిలో మళ్లీ మోడరేటర్, అంటే లిస్టును చూసుకునేవారు, చూసి వదిలేవి కొన్ని, నేరుగా వెళ్లిపోయేవి కొన్ని. మీరు పెట్టిన మెయిల్ వెంటనే కనబడకపోతే అది మోడరేటర్ దగ్గర ఆగి ఉండవచ్చు.

ఇంకో సంగతి. జీమెయిల్ వాడేవాళ్లకు తాము లిస్టుకు పంపిన మెయిల్ తిరిగి తమ ఇన్‌బాక్స్‌లోకి రాదు, సెంట్ ఫోల్డర్‌లో మాత్రమే ఉంటుంది. ఇది తెలియక 'పోలేదేమో' అనుకుని ఒకే మెయిల్ రెండుసార్లు, మూడుసార్లు పంపుతారు. మిగతావారికి మూడూ అందుతాయి. అనుమానం ఉంటే పక్కనున్న స్నేహితుడి ఫోన్‌లో చూడండి, లేదా గ్రూపు పేజీ తెరిచి చూడండి.

అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవాల్సింది, 'రిప్లై' నొక్కితే జవాబు ఎవరికి పోతుంది అన్నది. కొన్ని లిస్టుల్లో రాసినవారికి మాత్రమే పోతుంది, కొన్నిట్లో మొత్తం లిస్టుకు పోతుంది. అది లిస్టు పెట్టినవారు ఎంచుకున్న సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. చేరిన రోజే ఏదో ఒక మెయిల్‌కు రిప్లై నొక్కి 'టు' గడిలో ఏ అడ్రస్ వచ్చిందో చూడండి, చూసి పంపకుండా మూసేయండి.

3. చేరిన రోజే ఫిల్టర్ పెట్టండి

లిస్టు మెయిళ్లు బ్యాంకు మెయిళ్లతో, ఉద్యోగ ప్రకటనలతో కలిసిపోతే నెల తిరిగేసరికి మీరు రెండూ చదవడం మానేస్తారు. లిస్టు మెయిళ్లన్నీ తమంతట తామే ఒక లేబుల్ కిందికి వెళ్లేలా ఫిల్టర్ పెట్టుకోండి. జీమెయిల్ యాప్‌లో ఇది కుదరదు, ఫోన్‌లోనైనా సరే బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ తెరిచి చేయాలి. ఒక లిస్టు మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఇలాంటి మెయిళ్లను ఫిల్టర్ చేయి అన్నది ఎంచుకుంటే లిస్టు గుర్తును అదే పట్టుకుంటుంది.

మెయిళ్లు మరీ ఎక్కువగా వస్తుంటే గూగుల్ గ్రూప్స్‌లో డైజెస్ట్ పద్ధతి ఉంది. 25 మెయిళ్ల వరకు ఒకే మెయిల్‌గా కట్టి పంపుతుంది. చర్చల లిస్టుకు ఇది బాగుంటుంది. పరీక్షల ప్రకటనలు వచ్చే లిస్టుకు మాత్రం పెట్టుకోవద్దు, ఆలస్యమవుతుంది. మీకు సంబంధం లేని ఒక్క చర్చే విసిగిస్తుంటే దాన్ని మ్యూట్ చేస్తే చాలు.

4. కొన్నాళ్లు చదవండి, అడిగేముందు వెతకండి

1995లో ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే బృందం వెలువరించిన మర్యాదల పత్రంలో, లిస్టులో చేరాక ఒకటి రెండు నెలలు చదివి ఆ తర్వాతే రాయమని ఉంది. సెమిస్టర్ చదువులో అంత ఆగడం కుదరదు. రెండు వారాలైనా చదవండి. ఎవరు దేనికి జవాబిస్తారో, ఏ సంగతి ఆఫీసును అడగాలో, ఏది సీనియర్లను అడగాలో ఆ రెండు వారాల్లో తెలిసిపోతుంది.

ఏదైనా అడిగేముందు పాత మెయిళ్లలో వెతకండి. 'రీవాల్యుయేషన్', 'మైగ్రేషన్', 'ఓడీ' (ఒరిజినల్ డిగ్రీ), 'ప్రొవిజనల్' లాంటి మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి, తెలుగులో ఒకసారి వెతకాలి. మనవాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు. పాత జవాబు దొరికినా ఫీజు, గడువు తేదీ మాత్రం పోయిన ఏడాదివి నమ్మవద్దు. వెతికాక కూడా దొరకకపోతే ఆ సంగతే చెప్పి అడగండి: 'నిరుటి మెయిల్‌లో ఈ పద్ధతి చెప్పారు, ఇప్పటికీ ఇదేనా?' అలా అడిగినవారికి జవాబు ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది.

5. సబ్జెక్ట్ లైన్

మెయిల్‌లో ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే. ఫోన్ తెర మీద సబ్జెక్ట్‌లో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి. ఆ మాటల్లో ఎవరికి, దేని గురించి అన్నది తేలిపోవాలి. 'అర్జెంట్', 'ముఖ్య గమనిక', 'సర్ ప్లీజ్', 'డౌట్' అన్నవి సబ్జెక్టులు కావు. అవి మీ టెన్షన్‌ని చెబుతాయి గానీ విషయాన్ని చెప్పవు.

కోర్సు, సెమిస్టర్, విషయం, తేదీ ఈ వరసలో పెట్టండి. ఒక ఉదాహరణ చూడండి. లిస్టుల్లో తరచూ కనబడే మాదిరి మెయిల్ ఇది:

సబ్జెక్ట్: అర్జెంట్ సర్
సర్ రేపు ప్రాక్టికల్ ఉందా లేదా ఎవరైనా చెప్పండి ప్లీజ్ నేను ఊర్లో ఉన్నాను

దీన్నే ఇలా రాయవచ్చు:

సబ్జెక్ట్: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ 3వ సెమ్ ప్రాక్టికల్, నవంబర్ 18: తేదీ మారిందా?
అందరికీ నమస్కారం.
నవంబర్ 18 మంగళవారం ఉదయం 10 గంటలకు ఆర్గానిక్ ప్రాక్టికల్ ఉందని 10వ తేదీ మెయిల్‌లో ఉంది. వానల వల్ల తేదీ ఏమైనా మారిందా? నేను ఉదయగిరి దగ్గర మా ఊళ్లో ఉన్నాను, నోటీసు బోర్డు చూసే వీలు లేదు. మారకపోతే 17 సాయంత్రం బయల్దేరతాను.
జవాబు నాకు విడిగా పంపితే చాలు. తేదీ మారిందని తెలిస్తే లిస్టుకు నేనే ఒక మెయిల్ పెడతాను.
కింద పేరు, కోర్సు, సంవత్సరం.

మొదటి మెయిల్‌కు జవాబివ్వాలంటే ఏ కోర్సు, ఏ సెమిస్టర్, ఏ ప్రాక్టికల్ అని తిరిగి అడగాలి. అడిగేది ఒకరు కాదు, ముగ్గురు నలుగురు అడుగుతారు, అన్నీ లిస్టులోనే. రెండో మెయిల్‌కు ఒక్క మాటలో జవాబివ్వవచ్చు. చివరి రెండు వాక్యాలు ప్రత్యేకంగా గమనించండి. జవాబులు విడిగా తీసుకుని, తేలిన సంగతిని ఒకే మెయిల్‌లో అందరికీ చెప్పడం మెయిలింగ్ లిస్టుల్లో చాలా పాత మంచి అలవాటు. మన దగ్గర అది ఇంకా నాటుకోలేదు, నాటుకోవాలని నా కోరిక.

6. మెయిల్ లోపల ఏం రాయాలి

'రేపు', 'ఈ సోమవారం', 'నిన్న చెప్పినట్టు' అన్న మాటలు లిస్టు మెయిల్‌లో వాడవద్దు. మీరు రాత్రి 11కి రాస్తారు, అవతలివారు మరునాడు పొద్దున చదువుతారు. వాళ్ల 'రేపు' వేరు. తేదీ, వారం, సమయం మూడూ రాయండి. వారం రాస్తే తేదీలో పొరపాటు పడినా పట్టేయవచ్చు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మనకు ఇది మరీ ముఖ్యం. ఈశాన్య రుతుపవనాల కాలంలో వాయుగుండమో తుపానో వస్తే 'రేపు సెలవట' అన్న ఫార్వర్డులు మొదలవుతాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను లాంటివి వచ్చినప్పుడు నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా జనం ప్రతి మెసేజ్‌నూ నమ్మే స్థితిలో ఉంటారు. పాత ఏడాది సెలవు ఉత్తర్వును ఫొటో తీసి ఎవరో పంపుతారు. అందులో తేదీ ఎక్కడో మూలన ఉంటుంది. అలాంటిది లిస్టులో పెట్టే ముందు మూడు చూడండి: ఉత్తర్వు మీద తేదీ, ఏ జిల్లా కలెక్టర్ ఇచ్చారు, కాలేజీలకు కూడానా లేక బడులకు మాత్రమేనా. కాలేజీకి సెలవు వేరు, యూనివర్సిటీ పరీక్ష వాయిదా వేరు. సెలవు ఇచ్చారు కదా అని పరీక్ష కూడా లేదని రాసేయవద్దు. పరీక్షల విభాగం చెప్పేదాకా ఆ మాట లిస్టులో రాకూడదు.

ఒక మెయిల్‌కు ఒక విషయమే. హాస్టల్ ఫీజు, సెమినార్ తేదీ, పోయిన లైబ్రరీ కార్డు ఒకే మెయిల్‌లో కలిపితే మూడింటిలో ఒకదానికే జవాబు వస్తుంది.

పిలుపుల సంగతి. పెద్ద లిస్టుకు 'అందరికీ నమస్కారం' చాలు. అధ్యాపకులను ఉద్దేశిస్తే 'గారు' ఉండాలి. ల్యాబ్‌లో 'అన్నా', 'అక్కా' అని పిలిచే సీనియర్‌ను పదిమంది స్కాలర్ల చిన్న లిస్టులో అలాగే పిలవవచ్చు, తప్పేమీ లేదు. యూనివర్సిటీ మొత్తం చదివే చోట పేరు పక్కన 'గారు' పెట్టండి. అధ్యాపకులకూ ఒక మాట. క్లాసులో చనువుగా 'నువ్వు' అనే విద్యార్థిని లిస్టులో 'మీరు' అనండి. క్లాసులో ఆ చనువు అర్థమవుతుంది, మెయిల్‌లో చదివిన కొత్తవారికి అది చిన్నచూపుగా కనబడుతుంది.

తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లో రాయాలా? మీకు విషయం ఏ భాషలో స్పష్టంగా చెప్పడం వస్తే అందులో రాయండి. ఇంగ్లిష్ రాదని అడగడం మానేసిన విద్యార్థులను నేను చూశాను, అది ఏ లిస్టుకైనా నష్టమే. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మాత్రం తగ్గించండి. చదవడం కష్టం, తర్వాత వెతికితే దొరకదు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం ఎంతో సేపు పట్టదు, నోటితో చెప్పి టైప్ చేయించే వీలూ ఉంది.

ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైప్ చేసిన ఉత్తర్వులు ఇప్పటికీ వస్తుంటాయి. వాటిని కాపీ చేసి మెయిల్‌లో పేస్ట్ చేస్తే అవతల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడతాయి, ఎందుకంటే ఆ ఫాంట్లు అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో ఉండవు. వర్డ్ ఫైల్ పంపినా అంతే, ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెలుగు కనబడదు. దాన్ని పీడీఎఫ్ చేసి పంపండి, దాంతోపాటు ముఖ్యమైన తేదీలను మెయిల్‌లోనే యూనికోడ్ తెలుగులో రెండు లైన్లు టైప్ చేయండి. ఫైల్ తెరవలేనివారికి ఆ రెండు లైన్లే ఆధారం.

7. అటాచ్‌మెంట్లు

జీమెయిల్‌లో ఒక మెయిల్ 25 ఎంబీ దాటకూడదు. మెయిల్‌లో పోయేటప్పుడు ఫైల్ సైజు సుమారు మూడో వంతు పెరుగుతుంది, కాబట్టి కొన్ని సర్వర్లు 20 ఎంబీ ఫైల్‌ను కూడా తిప్పికొడతాయి. లిస్టుకైతే ఒకటి రెండు ఎంబీలు దాటకుండా చూడండి. పెద్ద ఫైలైతే డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి, లింక్ ఉన్నవారు చూడవచ్చు అన్న అనుమతి ఇచ్చారో లేదో ఇంకో ఐడీ నుంచి ఒకసారి తెరిచి చూసుకోండి. అలా చూడకపోతే 'యాక్సెస్ ఇవ్వండి సర్' అన్న మెయిళ్లు మీ మీద వచ్చిపడతాయి.

ఫైల్ పేరు 'స్కాన్ 0012' అని ఉంటే మూడు నెలల తర్వాత అదేమిటో ఎవరికీ తెలియదు. కోర్సు, విషయం, తేదీ పేరులోనే పెట్టండి.

ఇక అసలు జాగ్రత్త. స్కాలర్‌షిప్ జాబితా అనో, ఫీజు కట్టనివారి జాబితా అనో ఒక ఎక్సెల్ ఫైల్ లిస్టుకు పంపుతారు. అందులో ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా, కులం, ఫోన్ నంబర్ కాలమ్‌లు అన్నీ ఉంటాయి. పంపినవారికి చెడు ఉద్దేశం ఉండదు, ఉన్న ఫైల్‌ను ఉన్నట్టు జతచేశారు, అంతే. ఒకసారి అంతమంది ఇన్‌బాక్స్‌లలోకి వెళ్లినదాన్ని వెనక్కి తేలేరు. జాబితాలో హాల్‌టికెట్ నంబర్, చెప్పాల్సిన విషయం తప్ప మరేమీ ఉండకూడదు. ఎక్సెల్‌లో కాలమ్ దాచిపెడితే సరిపోదు, ఎవరైనా తిరిగి తెరవవచ్చు. ఆ కాలమ్‌లను తీసేసి, పీడీఎఫ్ చేసి పంపాలి. ఫీజు బాకీ ఉన్నవారి పేర్లు లిస్టులో పెట్టడం అసలు వద్దు. అది ఆ పిల్లల ఇంటి పరిస్థితిని వీధిలో పెట్టడమే, వారికి విడిగా రాయండి.

8. రిప్లై ఎవరికి?

2012 నవంబర్‌లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జరిగింది చెబుతాను. ఫీజుకు సంబంధించిన ఒక పన్ను పత్రం గురించి ఆఫీసు విద్యార్థులందరికీ మెయిల్ పంపింది. ఒక విద్యార్థి దాన్ని వాళ్లమ్మకు ఫార్వర్డ్ చేయబోయి రిప్లై ఆల్ నొక్కాడు. అది దాదాపు 40 వేల మందికి వెళ్లింది. తమ జవాబు కూడా అందరికీ వెళ్తుందని తెలియగానే మిగతావాళ్లు సరదాకు రాయడం మొదలుపెట్టారు, అందరి ఇన్‌బాక్స్‌లూ నిండిపోయాయి. ఆ అబ్బాయి చేసింది చిన్న పొరపాటు. అసలు లోపం, ప్రకటనల కోసం పెట్టిన లిస్టుకు ఎవరైనా రాయగలిగేలా ఉన్న సెట్టింగ్.

ఇలాంటివి జరిగినప్పుడు 'దయచేసి అందరూ రిప్లై ఆల్ ఆపండి' అని మళ్లీ అందరికీ రాయడం మంటలో కిరసనాయిలు పోయడమే. ఏమీ రాయకండి, ఆ చర్చను మ్యూట్ చేయండి, మోడరేటర్‌కు విడిగా చెప్పండి.

మామూలు రోజుల్లో పాటించాల్సింది ఇది. మీ జవాబు అడిగిన ఒక్కరికే పనికొస్తే వారికే పంపండి. అందరికీ పనికొస్తే లిస్టుకు పంపండి. ధన్యవాదాలు ఎప్పుడూ విడిగానే. పంపడం నొక్కే ముందు 'టు' గడి చూడండి, ముఖ్యంగా గైడ్ గురించో, సంతకం పెట్టని ఆఫీసు గురించో రాస్తున్నప్పుడు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'అన్‌డూ సెండ్' సమయాన్ని 30 సెకన్లకు పెంచుకోండి, అంతకు మించి ఇవ్వదు. అక్కడే డిఫాల్ట్ రిప్లై ఏదో కూడా చూడండి, 'రిప్లై ఆల్' అని ఉంటే 'రిప్లై'కి మార్చండి.

జవాబు రాసేటప్పుడు కింద వేలాడే పాత మెయిల్ మొత్తం ఉంచకండి. మీరు దేనికి జవాబిస్తున్నారో ఆ వాక్యం ఉంచి మిగతాది తీసేయండి. అలాగే కొత్త విషయానికి కొత్త మెయిల్ తెరవండి. అడ్రస్ టైప్ చేయడం బద్ధకమై పాత మెయిల్‌కు రిప్లై కొట్టి సబ్జెక్ట్ మార్చి రాస్తే, కొన్ని మెయిల్ యాప్‌లలో అది పాత చర్చలోనే కలిసిపోయి కనబడుతుంది. ఆ చర్చను మ్యూట్ చేసినవారికి అసలు కనబడకుండానే పోవచ్చు.

అభినందనలు, సంతాపాల దగ్గర మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. ఎవరికైనా పీహెచ్‌డీ అవార్డు అయిందంటే ఒకరు లిస్టులో అభినందించగానే మనం రాయకపోతే ఏమనుకుంటారోనని అందరూ రాస్తారు. లిస్టులో మోడరేటరో హెచ్ఓడీనో అందరి తరఫునా ఒక మెయిల్ పెట్టడం, మిగతావాళ్లు ఆ వ్యక్తికి నేరుగా రాయడం పద్ధతి. రిటైరైన మాస్టారు చనిపోయారన్న కబురు వచ్చినప్పుడు మాత్రం నేను అంత గట్టిగా చెప్పలేను. ఆయన దగ్గర చదువుకున్నవారు ఆయన గురించి నాలుగు మాటలు రాస్తే అవి లిస్టులో ఉండాల్సినవే. ఉత్త 'ఓం శాంతి' అయితే మాత్రం, ఆయన కుటుంబం ఈ లిస్టు చదవదు కదా, వాళ్లకు ఫోన్ చేయండి. అంత్యక్రియలు ఎక్కడ, ఎన్ని గంటలకు అన్న మెయిల్ ఆ సంతాపాల మధ్య కనబడకుండా పోకూడదు.

9. గొడవలు, ఫిర్యాదులు

కోపం వచ్చినప్పుడు రాసింది డ్రాఫ్ట్‌లో ఒక రాత్రి ఉంచండి. పంపాలనే అనిపిస్తే తెల్లారి పంపవచ్చు. విషయం మీద ఎంతైనా వాదించండి, మనిషి మీద వద్దు. కులం, ఊరు, పార్టీ, మతం ఇవి ఒక్కసారి లిస్టులోకి వచ్చాయంటే ఆ లిస్టు మళ్లీ మామూలు కావడం కష్టం. ఎన్నికల సీజన్‌లో మోడరేటర్లు ముందే ఒక మెయిల్‌తో హద్దు గీయాలి.

ఫిర్యాదులకు లిస్టు చోటు కాదు. మార్కులు, ఫీజు, సర్టిఫికెట్ల జాప్యం లాంటివాటి కోసం యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, దానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ర్యాగింగ్ అయితే ఒక్క నిమిషం కూడా లిస్టులో చర్చించవద్దు, జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయండి. లైంగిక వేధింపుల సంగతి అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలి. అక్కడ బాధితుల పేరు బయటికి రాకుండా చూస్తారు. లిస్టులో పెడితే ఆ రక్షణ పోతుంది. ఒకే సమస్య చాలామందికి ఉందని తెలుసుకోవడానికి మాత్రం లిస్టులో అడగవచ్చు: 'ఫలానా సెమిస్టర్ మెమోలు ఇంకా రానివారు నాకు విడిగా రాయండి, అందరం కలిసి అర్జీ ఇద్దాం.' అది మంచి వాడకం.

10. మోసపు మెయిళ్లు

లిస్టు నుంచి వచ్చిందంటే నమ్మకం ఎక్కువ కాబట్టి మోసగాళ్లు కూడా లిస్టునే వెతుకుతారు. స్కాలర్‌షిప్ మంజూరైంది, ఈ లింకులో బ్యాంకు వివరాలు ఇవ్వండి అంటారు. లేదా హెచ్ఓడీ పేరుతో, మీటింగ్‌లో ఉన్నాను, గిఫ్ట్ కార్డు కొని నంబర్ పంపు అంటారు. పేరు కాదు, పేరు మీద నొక్కితే కనబడే అసలు అడ్రస్ చూడండి. అనుమానమైతే ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ మెయిల్‌ను 'ఇది నిజమేనా?' అని లిస్టుకు ఫార్వర్డ్ చేయవద్దు, మీ పేరుతో వచ్చింది కాబట్టి ఇంకొకరు లింకు నొక్కుతారు. స్క్రీన్‌షాట్ తీసి మోడరేటర్‌కు పంపండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

11. సెలవు మీద ఉన్నప్పుడు, కోర్సు అయ్యాక

సెలవులో ఉన్నానని తనంతట తనే జవాబిచ్చే ఆటో రిప్లై పెట్టేటప్పుడు, కాంటాక్ట్స్‌లో ఉన్నవారికి మాత్రమే పంపు అన్న గడిలో టిక్ పెట్టండి.

లిస్టు నుంచి వెళ్లిపోవాలంటే 'నన్ను తీసేయండి' అని లిస్టుకు రాయవద్దు. గూగుల్ గ్రూప్స్ మెయిల్ అడుగునే దారి ఉంటుంది. అది కనబడకపోతే మోడరేటర్‌కు రాయండి, ఏ ఐడీతో చేరారో ఆ ఐడీ నుంచే రాయాలి. స్పామ్ బటన్ మాత్రం నొక్కవద్దు. చాలామంది అలా నొక్కితే ఆ లిస్టు మెయిళ్లు మీ జూనియర్లకు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది.

12. లిస్టు నడిపేవారికి

ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఈ పని ఒక జూనియర్ అసిస్టెంట్ మీదో, ఒక ఉత్సాహవంతుడైన స్కాలర్ మీదో పడుతుంది. లిస్టు కాకుండా తమ సొంత జీమెయిల్ 'టు' గడిలో అందరి ఐడీలూ పెట్టి పంపేవారు ఇంకా ఉన్నారు. దాంతో అందరి ఐడీలూ అందరికీ తెలిసిపోతాయి, పైగా మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. గూగుల్ గ్రూపు పెట్టుకోవడం ఒక పూట పని.

ప్రకటనలకు ఒక గ్రూపు, చర్చకు ఒక గ్రూపు విడిగా పెట్టండి. మొదటిదానిలో రాసే హక్కు ఇద్దరు ముగ్గురికే ఉండాలి, జవాబులు ఆఫీసు ఐడీకి వెళ్లేలా ఉండాలి. రెండోదానిలో కొత్తగా చేరినవారి మొదటి మెయిళ్లను చూసి వదలండి. ఆపిన మెయిల్ ఎందుకు ఆపారో రాసినవారికి ఒక లైన్‌లో చెప్పండి, జవాబు లేకుండా ఆపితే వాళ్లు మళ్లీ రాయరు. సభ్యుల జాబితా నిర్వాహకులకు మాత్రమే కనబడేలా, పాత మెయిళ్లు సభ్యులకు మాత్రమే కనబడేలా పెట్టండి. పొరపాటున అందరికీ తెరిచి ఉంచితే గూగుల్ వెతుకులాటలో విద్యార్థుల పేర్లు, నంబర్లు వచ్చేస్తాయి.

నియమాలు ఒక పేజీకి మించకుండా రాసి, కొత్తవారు చేరగానే తెలుగులో, ఇంగ్లిష్‌లో అందేలా చూడండి. ఎవరైనా నియమం తప్పితే మొదటిసారి విడిగానే చెప్పండి. పదిమందిలో తప్పు పడితే ఆ విద్యార్థి నోరు మూసుకుంటారు గానీ నేర్చుకోరు.

బ్యాచ్ పేరుతో గ్రూపు పెడితే ప్రతి ఏడాదీ కొత్తది పెట్టాలి, పాతది పూర్వ విద్యార్థుల గ్రూపుగా మిగులుతుంది. కోర్సు పేరుతో పెడితే ప్రతి ఏడాదీ వెళ్లిపోయినవారిని తీసి కొత్తవారిని చేర్చాలి. రెండోది శ్రమ ఎక్కువ, కానీ పాత మెయిళ్ల భండారం ఒకేచోట ఉంటుంది కాబట్టి నేను దానికే ఓటేస్తాను. అడ్మిషన్ ఫారంలో రాసిన ఐడీలను నమ్మి చేర్చేయవద్దు, చేతిరాతలో సున్నాకు 'ఓ' అక్షరానికి తేడా తెలియదు, నెట్ సెంటర్ ఐడీలూ వాటిలో ఉంటాయి. మొదటి వారం క్లాసులోనే ఫోన్లు తీయించి, ఆహ్వానం మెయిల్ తెరిపించి, వాళ్ల చేతే చేరమనండి.

గ్రూపుకు ఓనర్లు ఎప్పుడూ ఇద్దరుండాలి, అందులో ఒకటి మనిషి పేరుతో కాక ఆఫీసు పేరుతో ఉన్న ఐడీ కావాలి. స్కాలర్ థీసిస్ ఇచ్చి వెళ్లిపోయినా, అసిస్టెంట్‌కు బదిలీ అయినా, వెళ్లే ముందే ఓనర్ హక్కు కొత్తవారికి ఇప్పించండి. కొత్తవారు సరిగ్గా వెళ్తుందో లేదో చూడటానికి ఒక టెస్ట్ మెయిల్ పంపి, ఒక సభ్యుణ్ణి చేర్చి, ఒకరిని తీసి చూశాకే పాతవారి పేరు తొలగించండి.